పచ్చ రాణిగారి ఊరేగింపు

తీర్థయాత్రలు చేసొచ్చినవాళ్ళు ప్రసాదం పంచిపెడతారు. నేను ఈ మధ్య చేసొచ్చిన యాత్రకి ప్రసాదం లేదు, పుణ్యం లేదు, ఎవరికైనా చూపించుకోదగ్గ ఫోటో ఒక్కటీ లేదు. మిగిలిందల్లా నడుం నొప్పి, చొక్కా జేబుకి బెల్లం మరక. మీలో ఎవరూ ఇలాంటి యాత్ర చేసి ఉండరని నా నమ్మకం. ఇకముందు కూడా చేయకూడదనే ఇది రాస్తున్నాను.

మూడు రోజులు, ఒక పాత మోటారు సైకిలు, ఇద్దరు మగాళ్ళు, ఒక ఆడ చీమ. ముగ్గురిలో బుద్ధిగా ప్రవర్తించింది చీమ ఒక్కతే.

నాకు అనకాపల్లిలో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే కొట్టుంది. ఏడో తరగతిలో బడికీ నాకూ పడక విడిపోయాం. అప్పట్నుంచీ ఇద్దరం సుఖంగానే ఉన్నాం. మా అప్ప పేరు వరహాలు. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆమెని మాకవరపాలెం దగ్గర పల్లెలో ఇచ్చాం. ఆమె మొగుడు, అంటే మా బావ, పేరు దేముడు. జీడితోట రైతు. మంచివాడు. అదే అసలు ఇబ్బంది, చెడ్డవాడైతే తలుపేసుకునేవాణ్ణి.

ఆ తోటకి ఏటా పూత టైములో దోమ పడుతుంది. లేత చిగుళ్ళు పీల్చేస్తుంది, పూత మాడిపోతుంది. బావ మందు కొడతాడు. మందు కలిపేదీ, నీళ్ళు మోసేదీ అప్ప. కొట్టిన ప్రతిసారీ ఆమెకి గుండెల్లో మంట, నెల్లాళ్ళు దగ్గు. ఆ దోమని తినే జీవి ఒకటుంది. మామిడి చెట్ల మీదా జీడి చెట్ల మీదా ఆకులు కుట్టుకుని బంతుల్లాంటి గూళ్ళు కట్టే ఎర్ర చీమ. అది కుడితే మనిషి డాన్సు చేస్తాడు. గింజలేరేవాళ్ళు కుట్టించుకోలేక బావ తండ్రి రోజుల్లోనే గూళ్ళన్నీ కాగడా పెట్టి కాల్చేశారు. ఇప్పుడు కొడుకు ఆ చీమలే కావాలని తిరుగుతున్నాడు.

నిరుడు దేవరాపల్లి నుంచి నాలుగు గూళ్ళు గోనెసంచిలో తెచ్చి చెట్లకి కట్టాడు. కొన్నాళ్ళు హడావుడి చేశాయి, తర్వాత ఒక్కొక్కటే తగ్గిపోయి మాయమయ్యాయి. గూళ్ళు వచ్చాయిగానీ గుడ్లు పెట్టే రాణి రాలేదని తర్వాత తెలిసింది. ఈ ఏడు తొలకరి వాన పడ్డ సాయంత్రం, వీధి లైటు కింద కూర్చుని అన్నం తింటుంటే బావ కంచంలో ఒక పురుగు పడింది. ఆకుపచ్చటి పెద్ద పొట్ట, అద్దాల్లాంటి రెక్కలు. రాణి నా కంచంలోకే వచ్చిందన్నాడు బావ. పచ్చ పురుగుని పట్టుకుని ఎర్ర చీమల రాణి అంటావేమిటంది అప్ప.

అప్ప పెట్టిన షరతు ఇది: నిజంగా రాణి అయితే రెండు పూతలు మందు లేకుండా ఓపిక పడుతుంది. కాకపోతే తోట కౌలుకి ఇచ్చేయాలి. కౌలుకి అడిగినాయన వచ్చే సోమవారం వస్తానన్నాడు.

అనకాపల్లి: పేపరు దించని మాస్టారు

శుక్రవారం పొద్దున్న కొట్టు షట్టరు ఇంకా సగమే లేపాను. కింద నుంచి రెండు కాళ్ళు, ఒక ప్లాస్టిక్ డబ్బా కనిపించాయి. కాళ్ళు మా బావవే, ఆయన కూడా నన్ను బావా అనే పిలుస్తాడు.

"బావా, షట్టరు దించీ. పనుంది."

"ఏటి పని?"

"ఇది ఎవులో సెప్పించాల."

డబ్బా మూతకి సూదితో పొడిచిన చిల్లులు. లోపల మామిడాకు మీద ఆ పచ్చావిడ. ఎంతసేపు చూసినా నాకు పెళ్ళివారి బస్సులో కిటికీ సీటు దొరకని పెద్దమ్మలా కనిపించింది. చిరాకుగా ఒకవైపే చూస్తోంది.

అప్ప అప్పుడే ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ బావతో నువ్వెల్లు. సదువుకున్నోల్లు ఔనంటే ఔనని సెప్పు, కాదంటే కాదని సెప్పు. మొగుడి మీద జాలితో గానీ, నా మీద జాలితో గానీ అబద్ధం సెప్పకు."

చదువుకున్నవాళ్ళు నాకు ఒక్కరే తెలుసు. గవరపాలెంలో ఉండే జువాలజీ మాస్టారు, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనాయన. ఆయన మిక్సీ ఏటా నా దగ్గరికే వస్తుంది, పాత చుట్టంలా. వెళ్ళేసరికి వరండాలో పేపరు చదువుతున్నారు. డబ్బా ముందు పెట్టాను. పేపరు అంచు మీద నుంచి కళ్ళజోడు లోంచి ఒక చూపు చూశారు.

"ఆకులు కుట్టే ఎర్ర చీమ. దాని రాణి. ఈకోఫిల్లా అంటాం. పనిచేసే చీమలు ఎర్రగా ఉంటాయి, రాణి పచ్చగా ఉంటుంది. చీకట్లో పెట్టండి. తిండి పెట్టకండి, ఒంట్లో ఉన్నదే తింటుంది. కదపకండి. రెక్కలు తనే రాల్చుకుంటుంది. నెల తర్వాత వచ్చి చెప్పండి."

పేజీ తిప్పారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. టిఫిను టైముకి కొట్టు తెరుచుకోవచ్చు అనుకున్నాను. గేటు బయటికి రాగానే బావ ఆగిపోయాడు.

"అయిపోనాదా?"

"అయిపోనాది. రాణి. ఇంటికెల్లు."

"మా ఊరి ఆరెంపీ డాక్టరు జొరం వత్తే నాలిక సూత్తాడు, కన్ను సూత్తాడు, ఈపు మీద గొట్టం పెడతాడు. ఈయన పేపరు కింద పెట్టలేదు బావా. సూడకుండా సెప్పీసేడు."

"తెలిసినోడు కాబట్టి తొందరగా సెప్పేడు."

"తెలిసినోడైతే కాసేపు ఆలోసిత్తాడు కదేటి?"

మా వైపు సంగతి మీకు తెలీకపోతే చెప్తాను. ఇంజక్షను పొడవని డాక్టరు డాక్టరు కాడు. ఇంజన్ విప్పని మెకానిక్ మెకానిక్ కాడు. నేనే వదులైన వైరు ఒక్కటి బిగిస్తే ఆగిన ఫ్యాను తిరుగుతుందని తెలిసి కూడా, బేరం ఎదురుగా ఉంటే నాలుగు స్క్రూలు విప్పి మళ్ళీ బిగిస్తాను. లేకపోతే నమ్మరు. మాస్టారికి ఈ వ్యాపారం తెలీదు.

అప్పకి ఫోన్ చేసి, "రాణేనట" అన్నాను.

"మీ బావేటంతన్నాడు?"

"నమ్మలేదు."

"అయితే నాకెందుకు? ఆయన నమ్మాల. నమ్మకపోతే రేపు పూత మీద నాలుగు దోమలు కనబడగానే భయపడిపోయి మల్లీ మందు డబ్బా తీత్తాడు. నీల్లు మోసేది నాను. ఆయన కడుపు నిండేదాకా తిప్పు."

అలా మొదలైంది యాత్ర.

మస్తాన్ భాయ్ కన్ను

బావకి కావలసింది కాసేపు చూసే మనిషి. అనకాపల్లిలో ఏ వస్తువునైనా తీరిగ్గా చూసేది మెయిన్ రోడ్డులో గడియారాలు బాగుచేసే మస్తాన్ భాయ్. నల్ల గొట్టం అద్దం కంట్లో ఇరికించుకుని డబ్బా మీదికి వంగాడు. బావ మొహం వెలిగిపోయింది. భాయ్ చాయ్ తెప్పించాడు, తాగాడు, మళ్ళీ వంగాడు. డబ్బా తిప్పాడు. ఊపిరి బిగబట్టాడు. బావ కూడా బిగబట్టాడు.

"భాయ్, దీని నడుం చూడు. నా నిఖా నాటి నడుం ఇలాగే ఉండేది. మధ్యలో ఒకే ముడి. మీసాలు మోచేయిలా వంగి ఉన్నాయి. చీమే."

"ఏ చీమ?" అన్నాడు బావ.

"అది నాకేం తెలుసు? నాకు తెలిసింది గడియారాలు. మీసాలు చీమవి, నడుం చీమది. రంగు మాత్రం చీమది కాదు."

పక్కన వాచీ బెల్టు వేయించుకుంటున్న ఒకాయన, అడక్కుండానే, "పచ్చ సీమ ఎక్కడైనా ఉంటాదేటండీ? ఎవులో రంగేసీసేరు" అని సాయం చేశాడు.

మస్తాన్ భాయ్ డబ్బులు పుచ్చుకోలేదు. "సబర్ చేయండి, పిల్లలు పెడితే తెలిసిపోతుంది" అన్నాడు. ఇది కూడా సరైన మాటే. ఒక్క పూటలో ఇద్దరు మనుషులు సరైన మాటలు చెప్పారు. మా బావ రెండిటినీ దాటుకుని బెల్లం మార్కెట్టు వైపు నడిచాడు.

అప్పకి అచ్చు బెల్లం కొన్నాడు. ఒక ముక్క విరిచి నా జేబులో వేశాడు, దారిలో తినమని. ఇంకో ముక్క విరిచి డబ్బా మూత తీశాడు.

"ఏటి సేత్తన్నావు?"

"అనకాపల్లి వచ్చి బెల్లం ముట్టకుండా ఎలిపోద్దేటి? అదీ సీమ!"

"తిండి పెట్టొద్దని మాస్టారు సెప్పేరా లేదా?"

"ఆయన సూడనేలేదు కదా."

ఈ మాటని మూడు రోజుల్లో నేనెన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నాకిప్పుడు ఆ మాట నిద్రలో వినిపిస్తుంది.

నక్కపల్లి: తేనె మనిషి

టీ కొట్టులో ఎవరో చెప్పారు, నక్కపల్లి అవతల ఒక పల్లెలో తేనెటీగలు పెంచే కొండబాబు ఉన్నాడు, రాణులన్నీ ఆయనకి తెలుసు అని. మాకవరపాలెం ఒక దిక్కు, నక్కపల్లి ఇంకో దిక్కు. మా దారిని కాగితం మీద గీస్తే ఎవరైనా దాన్ని చీమ నడకనే అంటారు.

హైవే మీద లారీలు మమ్మల్ని తుడిచేసి పోతుంటే నేను నడిపాను, బావ వెనక కూర్చుని డబ్బాని ఒళ్ళో పెట్టుకుని గుంతల జాబితా చదివాడు. "మెల్లగా బావా, ఆవిడకి కుదుపు." నాకు కుదుపు లేదు కాబోలు. దారిలో ఒక హోటల్లో భోజనానికి ఆగాం. మా ఊళ్ళో పది రూపాయల టీ అక్కడ పదిహేను, పైగా గ్లాసు సగానికే. చేపల పులుసు మాత్రం ఎదిరించలేని పులుసు. నేను రెండోసారి అన్నం అడిగే లోపల బావ డబ్బాని టేబులు మధ్యలో పెట్టాడు. మా టేబులు దగ్గర కూర్చోబోయిన కుటుంబం లేచి వెళ్ళిపోయింది.

కొండబాబు ఇంటి చుట్టూ తేనె పెట్టెలు. మా పట్నంలో చుట్టం వస్తే ముందు టీవీ కట్టేస్తాం, ఇక్కడ ముందు నీళ్ళలో తేనె కలిపిచ్చారు. అది తాగుతూ ఆయన డబ్బా అందుకున్నాడు, వెలుతురుకి పెట్టాడు, తేల్చేశాడు.

"కందిరీగ."

"మస్తాన్ భాయ్ సీమన్నాడు."

"సీమకి రెక్కలెందుకు? పొలానికి పోడానికేటి? కందిరీగే." అని మూత తీశాడు. "ఓలమ్మ! ఇదేటి, దీన్ని పాకంలో ఏసేరు?"

వానాకాలం గాలికి బెల్లం కరిగి డబ్బా అడుగంతా జిగురైంది. రాణి ఆ జిగురులో నాలుగు కాళ్ళతో అతుక్కుని, మిగతా రెండూ గాలిలో ఆడిస్తోంది. రెక్క ఒకటి తడిసి ఒంటికి అంటుకుంది.

బావ మొహంలో రక్తం లేదు. ఆ క్షణంలో మాత్రం నాకు వెక్కిరించాలనిపించలేదు. "వరహాలికి ఏటని సెప్పను" అన్నాడు మెల్లగా.

కొండబాబు భార్య సత్యవతి డబ్బా లాక్కుంది. "తప్పుకోండి. మీ మగోల్లు తేనెలో పడ్డ ఈగని కూడా తీయలేరు." దూదిని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, చుక్క చుక్కగా కాళ్ళ దగ్గర వేసి, కోడిఈకతో మెల్లగా లేపింది. ఒక్కో కాలూ ఊడి వస్తుంటే బావ దణ్ణం పెట్టుకున్నాడు. శుభ్రం చేసిన డబ్బాలో తడి దూది, కొత్త ఆకు వేసి దాన్ని దించింది. రాణి ముందు మీసాలు దువ్వుకుంది. తర్వాత మమ్మల్ని పట్టించుకోవడం మానేసింది.

"బెల్లం ఎవులు పెట్టేరు?" అంది సత్యవతి.

"సీమ కదమ్మా..." అన్నాడు బావ.

"కందిరీగ" అన్నాడు కొండబాబు, పట్టు విడవకుండా.

రాలిన రెక్కలు

ఆ రాత్రి వాళ్ళ వసారాలోనే పడుకున్నాం. శనివారం తెల్లారి, నన్ను లేపింది బావ కేక.

"రెక్కలేవి?"

డబ్బాలో రాణి బోడిగా కూర్చుని ఉంది. నాలుగు రెక్కలూ పక్కన పడి ఉన్నాయి, విప్పేసిన పెళ్ళి చీరలా.

"నువ్వే పీకేసేవు" అన్నాడు.

"నాకేటి అవసరం?"

"నిన్నంతా ఇసుక్కుంతన్నావు. యాత్ర అయిపోవాలని పీకేసేవు."

"రెక్కలు పీకితే యాత్ర ఎలగ అయిపోద్దిరా నాయనా! రెక్కలు తనే రాల్చుకుంటాదని మాస్టారు నిన్ననే సెప్పలేదా?"

"ఆయన సూడనే..."

"సూడలేదు! సూడలేదు! నీకు పున్నెముంటాది, ఆ మాట ఆపు!"

గొడవకి కొండబాబు పళ్ళు తోముకుంటూ వచ్చాడు. డబ్బా చూశాడు. రాత్రి కందిరీగ అని ప్రమాణం చేసిన మనిషి, రెక్కలు చూసి, "ఇది సెద రాణి. సెదలే వానకి ఎగిరి రెక్కలు రాలుస్తాయి. ఇంట్లోకి రానీకు, గుమ్మాలు తినేత్తాది" అన్నాడు.

ఒక్క రాత్రిలో కందిరీగ చెదపురుగైంది. బావ డబ్బాని చేయి చాచి దూరంగా పట్టుకున్నాడు, అది తక్షణం ఆయన చొక్కా గుండీలు తినేస్తుందన్నట్టు. నా ఫోన్‌లో పురుగుల పేర్లు చెప్పే యాప్ ఉందని గుర్తొచ్చి ఫోటో తీశాను. ఒకసారి మిడత అంది. ఇంకోసారి పచ్చిమిరపకాయ అంది. యాప్ కూడా మా బావ లాంటిదే, అన్నీ ఒప్పుకుంటుంది.

సత్యవతి మాత్రం, "ఎర్ర సీమలున్న సోటికి తీసుకెల్లి ఆటికే సూపించండి. నానైతే అలగే సేద్దును" అంది. ఆ మాట మా బావ గుండెలో గుచ్చుకుంది. నిరుడు గూళ్ళు ఇచ్చిన సత్తిబాబు దేవరాపల్లిలో ఉన్నాడు. నక్కపల్లి నుంచి దేవరాపల్లి అంటే వచ్చిన దారినే వెనక్కి వచ్చి, మా కొట్టు ముందు నుంచే దాటి, చోడవరం మీదుగా పోవాలి. బయల్దేరే ముందు రాలిన రెక్కల్ని కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాను. నేను పీకలేదని అప్ప ముందు రుజువు చేసుకోవాలి కదా. పీకిన రెక్కలకి కండ అంటుకుని ఉంటుంది, ఇవి శుభ్రంగా ఉన్నాయి. అనకాపల్లిలో మూసిన నా షట్టరుని నేనే పరాయివాడిలా చూసుకుంటూ దాటాను. ఒక ముసలావిడ మిక్సీ పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. ఆగలేదు.

దేవరాపల్లి: అమ్మని గుర్తుపట్టే పరీక్ష

వాన తగులుకుంది. డబ్బా మీద నా తువ్వాలు కప్పాడు బావ, నేను తడిశాను. సత్తిబాబు ఇంట్లో అడుగు పెట్టగానే చోడి అంబలి, అంటే రాగి జావ, ఇచ్చారు, నంజుకోడానికి ఉల్లిపాయ, తర్వాత పనసపొట్టు కూరతో భోజనం. మా ఊళ్ళో అయితే ముందు ఎందుకొచ్చావని అడిగి, జవాబుని బట్టి భోజనం. అక్కడ ముందు భోజనం, చేయి కడుక్కున్నాక ప్రశ్న.

తోటలో ప్రతి మామిడి చెట్టుకీ ఆకుల బంతులు వేలాడుతున్నాయి. కొమ్మల మీద ఎర్ర చీమలు బారులు. చెట్టు కింద నిలబడి తలెత్తి చూస్తున్నాను, అప్పటికే నలుగురు నా ప్యాంటు లోపలికి వచ్చేశారు. దేవరాపల్లిలో ఆ పూట నేను చేసిన నృత్యం చూసిన గొర్రెల కాపరి ఇప్పటికీ నవ్వుతూ ఉంటాడు.

బావ తన ఆలోచన చెప్పాడు. "డబ్బా మూత తీసి కొమ్మ మీద పెడతాను. వాల్లమ్మైతే వాల్లు గుర్తుపట్టరేటి? గుర్తుపడితే రాణి. లేకపోతే కాదు."

సత్తిబాబు గడ్డం గోక్కున్నాడు. "ఓరి దేముడూ. నువ్వు మీయమ్మని మా ఇంటికి తీసుకొచ్చి, నన్ను అమ్మా అనమంటే అంతానేటి?"

"మరియాదకి అనవా?"

"నానంతాను. ఈటికి మరియాద తెల్దు. ఈ సెట్టు సీమ పక్క సెట్టు సీమని కూడా బతకనియ్యదు."

"అదంతా పని సీమల గొడవ. రాణి అంటే అందరికీ రాణే కదా."

అని మూత మీద చేయి వేశాడు. రెండు రోజులుగా నాలో ఉడుకుతున్నదంతా అప్పుడు పొంగింది. "ఆగు!" అని అరిచాను. ఆ అరుపుకి సత్తిబాబు కుక్క కూడా కూర్చుండిపోయింది.

జేబులో పొట్లం తీశాను. బెల్లం జిగురు అంటుకుని ఉంది. అంటుకోని రెక్క ఒకటి ఏరి బావ చేతిలో పెట్టాను. "ఇది ఆవిడదే. ఆవిడ వాసన దీనికి ఉంటాది. ముందు దీన్ని పెట్టు. ముద్దు పెట్టుకుంటే ఆవిడని కూడా దించు. నానే కొమ్మ ఎక్కి దించుతాను."

బావ రెక్కని కొమ్మ మీద పెట్టాడు. ఒక చీమ వచ్చింది, మీసాలతో తడిమింది, ఆగింది. బావ నవ్వాడు. మరుక్షణం అది కొరికి పట్టుకుంది. రెండోది వచ్చి ఆ చివర పట్టుకుంది. పదిమంది వచ్చారు. పొట్టలు పైకెత్తి, పళ్ళు తెరిచి, ఒక్కో మూల నుంచి లాగారు. రెక్క నిలువునా చీలిపోయింది. చీలిన ముక్కల మీద కూడా పడ్డారు.

బావ డబ్బాని రెండు చేతులతో గుండెకి అదుముకున్నాడు. మూత గట్టిగా ఉందో లేదో వేలితో చూసుకున్నాడు. "రెక్కకే ఇంత సేసేయి" అన్నాడు.

"అదే ఇందాకణ్ణుంచి సెప్తన్నాను" అన్నాడు సత్తిబాబు. "పద, టీ తాగుదువు."

ఆదివారం పొద్దున్న బయల్దేరేటప్పుడు బావ మాడుగుల హల్వా కొన్నాడు, అప్ప కోపానికి. ఇప్పుడిక దారిలో ఎవరినీ అడగలేదు. ఎవరూ అడగకుండా ఉండడానికి డబ్బాని చొక్కా లోపల పెట్టుకున్నాడు. పొట్ట పెరిగిన మనిషిలా కనిపించాడుగానీ నేనేమీ అనలేదు. నాలో కూడా అలసట అనేది ఒకటుంటుంది.

మాకవరపాలెం: పురిటి గది

అప్ప గుమ్మంలోనే నిలబడి ఉంది. హల్వా పొట్లం అందుకుని పక్కన పెట్టింది. దాని సంగతి తర్వాత.

"ఎవులేటన్నారు?" అని నన్నడిగింది.

అబద్ధం చెప్పొద్దంది కాబట్టి అంతా వరసగా చెప్పాను. రాణి, చీమ, రంగేసిన పురుగు, కందిరీగ, చెద, మిడత, పచ్చిమిరపకాయ. బెల్లం సంగతీ చెప్పాను. బావ నా వైపు చూసిన చూపు చెప్పను.

అప్ప డబ్బాని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఆకు కింద నుంచి చూసింది. మమ్మల్ని పిలిచింది. రాణి కింద, ఆకు మీద, తెల్లటి చుక్కలు. నువ్వుగింజ కంటే చిన్నవి, ఒకదానికొకటి అంటుకుని. రాణి వాటి మీద నిలబడి మమ్మల్ని చూసి నోరు తెరిచింది. మూడు రోజుల్లో అది మా మీద కోప్పడింది అప్పుడే.

"బాలింత" అంది అప్ప. "బాలింతని బండెక్కించి మూడు రోజులు ఊరేగించేరు. బెల్లంలో ముంచేరు. దొంగల సేతికి ఇవ్వబోయేరు. ఇద్దరూ బయటకి నడండి."

డబ్బాకి నల్లగుడ్డ చుట్టింది. వంటింట్లో ధాన్యం గాదె వెనక, గోడ గూట్లో పెట్టింది. అందులోకి వెలుతురు రాదు, ఆమె తప్ప ఎవరూ వెళ్ళరు. మా వైపు పురిటి గదిలోకి మగాళ్ళు తొంగి చూడరు. నీళ్ళు అందించాలన్నా గుమ్మం దగ్గరే పెట్టి పోవాలి. ఆ కట్టుబాటే ఈ చీమకీ వర్తిస్తుందని తీర్పిచ్చింది.

"మరి కౌలాయన రేపొత్తాడు" అన్నాడు బావ. "రాణో కాదో తేలలేదు కదే."

"నెల ఆగమంతాను. పిల్లలు పుడితే రంగు తెలిసిపోద్ది. ఎర్రగా పుడితే తోట మనది. ఏరేలా పుడితే తోట ఆయనది. ఈలోపల గూటి దగ్గరికి ఎల్లేవా, ఆ రోజే రాసిచ్చెత్తాను."

"ఒక్కసారి మూత..."

"ఎల్లేవా?"

"ఎల్లను."

నెల ఆగడం, చీకట్లో పెట్టడం, తిండి పెట్టకపోవడం, కదపకపోవడం. ఈ నాలుగూ శుక్రవారం పొద్దున్న టిఫినుకి ముందే, మా ఊళ్ళోనే, ఊరికే చెప్పారు. ఆ మాట అందామని నోరు తెరిచాను. అప్ప నా నోట్లో హల్వా ముక్క పెట్టింది.

మళ్ళీ అనకాపల్లి

ఆ నెల బావ గుమ్మం బయటే గడిపాడట. వంటింట్లో అప్ప గరిటె కింద పడినా, "పుట్టేయేటి?" అని అడిగేవాడట.

తర్వాత ఒక పొద్దున్న షట్టరు సగం లేపేసరికి మళ్ళీ అవే రెండు కాళ్ళు. ఈసారి డబ్బా లేదు. ఆ దేవుడికి, అసలు దేవుడికే, దణ్ణం పెట్టుకున్నాను. ఫోన్ తీసి చూపించాడు. ఫోటో అప్ప తీసింది. పచ్చటి తల్లి ఒంటి మీద, కాళ్ళ సందుల్లో, ఆవగింజకి కాళ్ళొచ్చినట్టున్న చీమలు. అన్నీ ఎర్రనివే. లేత ఇటుక రంగు. ఒకటి తల్లి మొహం తుడుస్తోంది.

"కౌలాయన?" అన్నాను.

"పంపేసింది. రెండు పూతలయ్యాక రమ్మంది. ఏటి బావా, మందు కొట్టే డబ్బా కడిగీసి గేదెకి నీల్లు పెట్టడానికి వాడుతన్నాది." చెప్తూ కళ్ళు తుడుచుకున్నాడు, చెమట అన్నాడు. వాన పడుతోంది.

సంగతి చెప్పి రావాలన్నాడు. ఇద్దరం గవరపాలెం వెళ్ళాం. మాస్టారు వరండాలో పేపరు చదువుతున్నారు. బావ ఫోన్ ముందు పెట్టాడు. ఆయన పేపరు అంచు మీద నుంచి ఒక్క చూపు చూశారు.

"ఈకోఫిల్లా. చెప్పాను కదా. డబ్బాని చెట్టుకి కట్టి మూత తీయండి. వేరే చీమల్లేని చెట్టు చూసుకోండి. వేరే గూట్లోంచి చీమలు కాబోతున్న తెల్లటి పురుగులు కొన్ని తెచ్చి ఆ ఆకు మీద పెడితే తొందరగా పెరుగుతాయి. అందులోంచి పుట్టినవి ఈమెనే తల్లి అనుకుంటాయి."

పేజీ తిప్పారు.

గేటు దాటాక బావ నా భుజం మీద చేయి వేశాడు. మొహంలో ఎంత తృప్తో.

"సూసేవా బావా? మనం అంత తిరిగితేగానీ ఈయనకి తెలవలేదు."